తాడు నిప్పు

నా దగ్గర నలభై పైపులుండేవి. పొగతాగే పైపుల మాట చెబుతున్నాను. ఎక్కడో సముద్రాల అవతల కొండల మీద పెరిగే పొద వేరుని తొలిచి చేసినవి, మొక్కజొన్న బెండుతో చేసినవి, సుద్దలా తెల్లగా ఉండే రాతివి, అన్నీ అద్దాల బీరువాలో వరసగా ఉండేవి. ఏ వారం ఏ పైపో, ఏ పైపుకి ఏ పొగాకో ఒక పద్ధతి ప్రకారం నడిచేది.

సరే, నలభై కాదు. మూడు. బీరువా కూడా లేదు, పాలపొడి డబ్బా ఒకటి ఉండేది. మూడింటిలో రెండు ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు పరిచే చోట దొరికాయి. మూడోది పగిలింది. దానికి తీగ చుట్టి వాడేవాణ్ణి. నలభై అనే లెక్క నేను ఇంటర్నెట్టులో ఒక గుంపుకి చెప్పింది. అక్కడ చెప్పీ చెప్పీ ఇప్పటికీ నోట్లోంచి అదే ముందు వస్తుంది.

ఆ గుంపు పైపు తాగేవాళ్ళది. ప్రపంచం నలుమూలల నుంచీ వందల మంది. రిటైరైన కొత్తలో తార్నాకలో మా ఇంటికి ఫోను తీగతో పాటు ఇంటర్నెట్టు కూడా వస్తే, తెల్లవారుజామున మా ఆవిడ లేచేలోపు నేను దాంట్లో కూర్చునేవాణ్ణి. వాళ్ళు పైపు తాగడం కంటే దాని గురించి మాట్లాడుకోవడం ఎక్కువ. చెక్కలో గీతలు నిలువుగా ఉండాలా, పక్షి కన్నులా ఉండాలా అని వారాల తరబడి తగువు. పొగాకు డబ్బాలు కొని తాగకుండా ఏళ్ళ తరబడి ఊరబెట్టుకునేవాళ్ళు, ఆవకాయకి తాతల్లాగా. ఒకసారి తాగిన పైపుకి మర్నాడు విశ్రాంతి. వెలిగించడం కూడా ఒక శాస్త్రం: మొదటి పుల్లతో పైపైన కాల్చి, నుసిని మెల్లగా అదిమి, రెండో పుల్లతో అసలు నిప్పు. మూడో పుల్ల గీసినవాడు పెద్దమనిషి కాడు.

అక్కడ నేను కెమిస్ట్రీ ప్రొఫెసర్ని. నిజానికి యూనివర్సిటీలో కెమిస్ట్రీ ల్యాబులో పనిచేశాను, పాఠాలు చెప్పలేదు. తాళాలూ, ఆసిడ్ సీసాలూ, పిల్లలు పగలగొట్టిన గాజు గొట్టాలూ నా శాఖ. ఆ ఆవిర్లకి నా ముక్కు ఉద్యోగంలో ఉండగానే పనిచెయ్యడం మానేసింది. పొయ్యి మీద పాలు మాడుతున్నా పక్కగదిలోంచి మా ఆవిడ కేకేస్తే తప్ప తెలిసేది కాదు. అయినా ఆ గుంపులో పొగాకు రుచుల గురించి అందరికంటే బాగా రాసేది నేనేనని పేరు. "మొదటి సగంలో ఎండిన అత్తిపండు, తర్వాత కొత్త చెప్పుల తోలు, చివర్న తొలివానకి తడిసిన గోడ" అని రాసేవాణ్ణి. ఎక్కడో స్కాట్లాండులో ఒకాయన అదే డబ్బా తెప్పించుకుని, తనకి అత్తిపండూ తోలూ దొరికాయి గానీ గోడ దొరకలేదని బాధపడుతూ ఉత్తరం రాశాడు. తొందరపడకుండా తాగండి, దొరుకుతుంది అని జవాబిచ్చాను.

నేను అక్కడ చెప్పిన నిజం ఒకే ఒకటి. మా అమ్మమ్మది ఉత్తరాంధ్రలో సముద్రం పక్కన పల్లె. ఆవిడ చుట్ట తాగేది, అదీ అడ్డపొగ. అంటే మండే కొన నోట్లో పెట్టుకుని, చల్లటి కొన బయటికి ఉంచి పీల్చడం. ఆ వైపు ఆడవాళ్ళు చాలామంది అలాగే తాగేవాళ్ళు. పెదవులు మూసుకుని, లోపల నిప్పుతో, చేపలు కోస్తూ, మధ్యమధ్య నన్ను తిడుతూ ఉండేది. అది రాస్తే గుంపంతా నవ్వింది. వాళ్ళలో బాగా పేరున్న ఒకాయన, డబ్బాల మీద డబ్బాలు ఊరబెట్టినవాడు, "ప్రొఫెసర్ గారూ, మిగతావన్నీ నమ్ముతాం గానీ నిప్పు మింగే ముసలమ్మ మాత్రం గొప్ప కట్టుకథ" అన్నాడు. నలభై పైపుల్ని నమ్మినవాడే.

సాయంత్రాలు నేను వెళ్ళే చోటు వేరు. యూనివర్సిటీ క్యాంపస్ గోడవార ఒక పాన్ డబ్బా ఉండేది. డబ్బా పక్కన కరెంటు స్తంభానికి కొబ్బరి తాడు ఒకటి వేలాడేది, కింది కొన ఎప్పుడూ రాజుకుంటూ. సిగరెట్టు కొన్నవాడూ, బీడీ కొన్నవాడూ ఆ తాడు పట్టుకుని ముట్టించుకునేవాళ్ళు. పుల్లలు, శాస్త్రం, ఏమీ లేవు. ముట్టించి, రెండు దమ్ములు లాగి, బస్సు వస్తే పారేసి ఎక్కడమే. ఒకరోజు ఆ తాడుకి ఫోటో తీసి గుంపులో పెట్టాను. నవాబుల కాలం నుంచీ ఆరని నిప్పు అనీ, ఒకే కుటుంబం తరతరాలుగా కాపాడుతోందనీ రాశాను. గుంపంతా నివ్వెరపోయింది. ఒకావిడ అలాంటి తాడు తనకి ఒక మూర పంపగలరా అని అడిగింది. డబ్బావాడు పొద్దున్నే డబ్బా తెరిచి లైటరుతో దాన్ని రాజేసేవాడు. రాత్రి మూసేటప్పుడు నీళ్ళ బకెట్లో ముంచేవాడు. అది రాయలేదు.

ఆ తాడు దగ్గర బల్ల మీద నాతో కూర్చునే ఆయన సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉండేది బౌద్ధనగర్‌లో. తెలంగాణ పల్లెలో పుట్టినవాడు, వాళ్ళమ్మ బీడీలు చుట్టి నలుగురు పిల్లల్ని పెంచింది. నా పైపు ఆయనకి రోజూ వేడుకే.

"ఏంది సారూ, గింత గిన్నె, గింత ఆకు, దానికి ఆపరేషన్ లెక్క గింత సామానా? నువ్వు ముట్టిచ్చే లోపల నేను రెండు బీడీలు తాగి ఇంటికి పోయొస్త."

"ఇది తొందరపడి తాగేది కాదండీ. ధ్యానం లాంటిది."

"ధ్యానమైతే కండ్లు మూసుకోవాలె గద. నువ్వేంది, అది ఆరిపోయిందా లేదా అని గిన్నెలకే చూస్తుంటవ్?"

అమ్మమ్మ అడ్డపొగ సంగతి ఆయనకీ చెప్పాను. ఆయన నవ్వలేదు. బీడీ నుసి రాల్చి, "గాలి కొట్టకుండ గట్ల పెట్టుకుంటరేమో. సముద్రం కాడ గాలెక్కువ గద" అన్నాడు. అంతే. మళ్ళీ బస్సుల మీద పడ్డాడు. నేను అనుకోలేదు అది అంత తేలిగ్గా అయిపోతుందని.

అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. క్యాంపస్‌లోంచి పొద్దునా సాయంత్రమూ నినాదాలు వినబడేవి. మధ్యాహ్నాలు బాష్పవాయువు మా వీధి దాకా వచ్చేది. అందరూ తడిగుడ్డలు ముక్కులకి కట్టుకుని తిరుగుతుంటే నాకు వాసన తెలియదు, కళ్ళు మాత్రం కారేవి. దేనికి ఏడుస్తున్నానో నాకే తెలియకుండా కూర్చునేవాణ్ణి. పైపు వెలుగుతూనే ఉందో లేదో చూసుకునేవాణ్ణి. మా ఇంటి చుట్టుపక్కల మాలాగే కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్థులు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. డబ్బా దగ్గర అందరూ గొంతు పెంచేవాళ్ళు. రెండు చోట్లా నేను తలూపేవాణ్ణి.

ఆ రోజుల్లోనే నా దవడపన్ను విరిగింది. మా ఆవిడ బలవంతం మీద పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన పన్ను వదిలేసి నాలుక ఎడమ అంచు పట్టుకున్నాడు. అక్కడ తెల్లటి మచ్చ ఉంది. నాకు కొన్నాళ్ళుగా తెలుసు. గుంపులో ఒక స్నేహితుడిదని చెప్పి అడిగాను కూడా. పొగాకు మార్చమన్నారు, తేనెనీళ్ళు పుక్కిలించమన్నారు, పైపుకి ఎక్కువ విశ్రాంతి ఇవ్వమన్నారు. కండక్టరుకి చూపిస్తే "నాకు గూడ అయింది సారూ, పసుపు రాస్తే పోయింది" అన్నాడు. పసుపు రాశాను. తేనె కూడా రాశాను.

"ఎన్నాళ్ళనుంచి ఉంది ఇది?" అన్నాడు డాక్టరు.

"ఈ మధ్యే," అన్నాను.

"ఏడాదయింది," అంది మా ఆవిడ. ఆవిడ ఎప్పుడు చూసిందో నాకు తెలియదు. మాట్లాడుతున్నప్పుడు చూసిందట.

నోట్లో ఇంజక్షన్ చేసి చిన్న ముక్క కోసి సీసాలో వేశారు. క్యాన్సరా కాదా అన్నది ఆ ముక్కని పరీక్షించి చెబుతారు. పరీక్ష చేసేది హబ్సిగూడలో. వారంలో వస్తుందన్నారు. రెండు కుట్లు వేశారు. నాలుక మొద్దుబారి, నోట్లో ఎవరిదో చెప్పు పెట్టుకున్నట్టుంది. బయటికి వచ్చాక మా ఆవిడ ఆటోలో ఒక్క మాటే అంది.

"మీరు ఆ కంప్యూటర్ వాళ్ళకి ఇది కూడా కథ చేసి రాయకండి."

మర్నాడు తెల్లవారుజామున రాశాను. బాగానే రాశాను. బయట బాష్పవాయువు మేఘాలు, పరిగెత్తే పోలీసు గుర్రాలు, నాలుకలో సగం కోసేసిన ప్రొఫెసరు, ఎడంచేత్తో పైపు. గుర్రాల్లేవు. నాలుకలో పోయింది వడ్లగింజంత. చివర్న, "మళ్ళీ రాయగలనో లేదో తెలియదు, నేను రాకపోతే నా పేర ఒక పైపు నింపండి" అని పెట్టాను. ఆ గుంపులో అదొక ఆచారం. ఎవరైనా పోతే అందరూ ఒకే సాయంత్రం పైపులు నింపి, వెలిగించి, ఫోటోలు పెడతారు. ఆ వాక్యం అందుకే రాశాను, చదవడానికి బాగుంటుందని. రాస్తున్నప్పుడు భయంగా ఉందా అంటే, లేదు. ఏమీ లేదు. ఇంజక్షన్ తగ్గలేదేమో అనుకున్నాను.

ఆ సాయంత్రం మా వీధి మలుపులో ఎవరో టైర్లు తగలబెట్టారు. పైన స్తంభం నుంచి వేలాడే తీగలన్నీ కరిగి జారిపోయాయి. ఫోనూ పోయింది, ఇంటర్నెట్టూ పోయింది. బాగుచేసేవాళ్ళు సమ్మెలో ఉన్నారు. ఆ వెంటనే బందులు. ఒకటి అయ్యేలోపు ఇంకొకటి. హబ్సిగూడలో పరీక్షల సెంటరు షట్టరు దించేసింది. వారం దాటింది. నా నాలుక ముక్క అక్కడ, నేను ఇక్కడ.

మా ఆవిడ రోజూ పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టేది. ఎడమవైపు ఏం తిన్నానో తెలిసేది కాదు. తిన్నాక గిన్నె చూసి తిన్నానని తెలుసుకునేవాణ్ణి. పైపు ముట్టుకోలేదు. మానేద్దామనీ కాదు, తాగాలనీ లేదు. పొద్దున్నే క్యాంపస్‌లోకి నడిచేవాణ్ణి. తరగతులు లేవు. చెట్ల కింద రాళ్ళు కుప్పలుగా, రోడ్డు మీద ఖాళీ గ్యాస్ గుండ్లు. మా ల్యాబు తలుపుకి నేను వేసినట్టే తాళం వేసి ఉంది. ఆ తాళం లాగి చూశాను, అలవాటు కొద్దీ. ఏమైనా అనిపించాలేమో అని కాసేపు నిలబడ్డాను. ఒక కుక్క వచ్చి నా కాళ్ళ దగ్గర పడుకుంది. తిరిగి వచ్చేశాను.

ఒక మధ్యాహ్నం కండక్టరు మా ఇంటి గేటు కొట్టాడు. అంతకుముందెప్పుడూ రాలేదు. ఇల్లు అడుక్కుంటూ వచ్చాడట.

"ఏంది సారూ, ఇన్ని దినాలైంది, తాడు కాడికి వస్తలేవు? ఏడ వోయినవ్?"

నోరు తెరిచి చూపించాను. ఆయన వంగి చూశాడు, నల్లదారం కుట్లు.

"పసుపు పనిచెయ్యలె," అన్నాడు.

"లేదండీ."

"రిపోర్ట్ ఏమన్నది?"

"సెంటరు మూసి ఉంది. బస్సుల్లేవు, ఆటోల్లేవు."

"బస్సు లేకపోతే కాళ్ళు లేవా? రేపు పొద్దుగాల తెరుస్తడట జరసేపు, దవాఖాన సామానుకు ఏం అంటలేరు. నడు, ముందు అన్నం తిందువు, రోడ్డు మీద వండుతున్నరు."

అది వంటా వార్పూ. ఉద్యమంలో భాగంగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినడం. తార్నాక చౌరస్తాలో బస్సులు తిరిగే చోట రాళ్ళ పొయ్యిలు, పెద్ద గంజులు. డప్పు మోగుతోంది. విస్తరి నా ముందు వేసిన కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"గీ సారు ఎవరే? మనోడేనా?"

కండక్టరు చెయ్యి చాచి విస్తరి సర్దాడు. "మా తాడు కాడ కూసునేటాయన."

"గది కాదే, ఊరేది అంటున్న."

"తాడు కాడ అంటే సమజ్ కాలేదారా? ముందు అన్నం పెట్టు. పప్పు జర మెత్తగుండాలె, నోట్ల కుట్లున్నయి."

కుర్రాడు పప్పు రెండు గరిటెలు వేసి వెళ్ళిపోయాడు. నేను తిన్నాను. కుడివైపు కారం తెలిసింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం హబ్సిగూడకి నడిచాం. ఆ రోడ్డు అంత ఖాళీగా నేనెప్పుడూ చూడలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ రోడ్డు మీద ఏ స్టాపులో ఎవరు దిగేవాళ్ళో, ఎవరు చిల్లర ఎగ్గొట్టేవాళ్ళో కండక్టరు చెప్పుకుంటూ వచ్చాడు. స్టాపు వచ్చినప్పుడల్లా అలవాటు ప్రకారం ఒక్క క్షణం ఆగేవాడు, ఎవరో దిగాల్సినట్టు. బీడీ మాత్రం ముట్టించలేదు. ఎందుకని అడిగితే, "తాడు లేదు గద" అన్నాడు. జేబులో అగ్గిపెట్టె చప్పుడవుతూనే ఉంది.

సెంటరులో షట్టరు సగం పైకెత్తి కవరు ఇచ్చారు. అక్కడి నుంచి తిన్నగా డాక్టరు ఇంటికే వెళ్ళాం. ఆయన వరండాలో నిలబడి చదివాడు.

"క్యాన్సర్ కాదు," అన్నాడు. "కానీ ఆ దారిలోనే ఉంది. ఇక్కడ ఆగితే ఆగుతుంది. పొగ పూర్తిగా మానెయ్యాలి. తగ్గించడం కాదు. ఒక్క దమ్ము కూడా వద్దు. మూడు నెలలకోసారి వచ్చి చూపించాలి."

నేను సరే అన్నాను. కండక్టరు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు తెలిసింది. సంతోషం రావాల్సిన చోట అదే వచ్చింది, బరువు. ఇంటికి వెళ్ళి మా ఆవిడకి చెబితే ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి చాలాసేపు కట్టలేదు. తర్వాత వచ్చి పాలపొడి డబ్బా చేత్తో పట్టుకుని, "వీటినేం చెయ్యమంటారు?" అంది. ఉండనీ అన్నాను. ఉండనిచ్చింది, అటక మీద.

తీగలు బాగయ్యేసరికి ఇంకో పది రోజులు పట్టింది. గుంపు తెరిచాను. నేను చచ్చిపోయాను.

పేజీ తర్వాత పేజీ. కిటికీ పక్కన పైపు, బయట మంచు. పడవలో పైపు. ఆస్పత్రి మంచం మీద ఒక ముసలాయన, చేతిలో వెలిగించని పైపు. తాడు అడిగిన ఆవిడ ఏదో నారతో తాడు పేని, వరండాలో వేలాడదీసి, దాంతో ముట్టించిందట. స్కాట్లాండు ఆయన చివరికి తడిసిన గోడ దొరికిందని రాశాడు. ఇక అమ్మమ్మని కట్టుకథ అన్న పెద్దమనిషి. ఆయన రాసింది పొడుగ్గా ఉంది. "ఎవరినో కనుక్కున్నాను. ఆ తీరంలో అలా తాగే ఆడవాళ్ళు నిజంగానే ఉన్నారట. ప్రొఫెసర్ గారు బతికుండగా క్షమాపణ చెప్పలేకపోయాను. ఈ సాయంత్రం ఆయన పేర చుట్ట తిప్పి పెట్టుకున్నాను" అని, కాలి బొబ్బలెక్కిన పెదవుల ఫోటో పెట్టాడు.

చదివాను. మొదటి నుంచీ మళ్ళీ చదివాను. ఎవరో ముసలాయన పోయినట్టుంది, మంచివాడిలా ఉన్నాడు అనుకున్నాను.

'బతికే ఉన్నాను' అని రాయడం మొదలుపెట్టాను. రెండు మాటలు. ఆ తర్వాత ఏం రాయాలి? సగం నాలుక మళ్ళీ మొలిచిందనా? ప్రొఫెసరు బతికొస్తే నలభై పైపులూ, గుర్రాలూ, నవాబుల నిప్పూ అన్నీ బయటికొస్తాయి. వాటితో పాటు అమ్మమ్మ కూడా మళ్ళీ కట్టుకథ అవుతుంది. ఆ పెదవులు ఊరికే కాలినట్టవుతుంది. పైగా నేనిక తాగను. తాగనివాడికి ఆ గుంపులో పనేముంది? వీరోచితంగా ఆలోచించి, అమ్మమ్మ పరువు కోసం మౌనంగా ఉండిపోయానని ఇక్కడ రాద్దామనుకున్నాను. అలా ఏం కాదు. మా ఆవిడ కాఫీకి పిలిచింది. లేచి వెళ్ళాను. తిరిగి వచ్చి కంప్యూటర్ కట్టేశాను.

ఆ సాయంత్రం తాడు దగ్గరికి వెళ్ళి కండక్టరుకి చెప్పాను. ఆయన మొత్తం విన్నాడు.

"అయితే సారూ, ఆడ సచ్చినవ్, గీడ ఉన్నవ్. ఏది మంచిగున్నది?"

"తేడా తెలియడం లేదండీ."

"తెలుస్తది తియ్. కుట్లు ఊడినయి గద."

కుట్లు ఊడాయి. చాలా ఏళ్ళయింది. రాష్ట్రం వచ్చింది. మచ్చ పెరగలేదు. నాలుక ఎడమ అంచున వడ్లగింజంత చోటు ఇప్పటికీ మొద్దుగానే ఉంటుంది. ఏటా ఆ రోజుల్లో గుంపు తెరిచి చూస్తాను. నా ఆబ్దికం పెడుతూనే ఉన్నారు. పైపులు తగ్గుతున్నాయి. మొన్నటిసారి నాలుగే ఫోటోలు. నారతాడు ఆవిడ మాత్రం మానలేదు.

డబ్బా దగ్గరికి రోజూ వెళ్తాను, ఊరికే కూర్చుంటాను. నేను మానేసిన కొత్తలో కండక్టరు బల్ల మీద తన చోటు మార్చాడు. అంతకుముందు నాకు కుడిపక్క కూర్చునేవాడు. క్యాంపస్ చెట్ల మీదుగా గాలి ఆ వైపు నుంచే వస్తుంది. ఇప్పుడు ఎడమపక్క కూర్చుంటాడు. తాడు అందదు కాబట్టి, ముట్టించుకోవాలన్నప్పుడల్లా మోకాళ్ళు పట్టుకుని లేచి, నన్ను చుట్టి స్తంభం దాకా వెళ్ళి, బీడీ వెలిగించుకుని, మళ్ళీ చుట్టూ తిరిగి వచ్చి ఆ పక్కనే కూర్చుంటాడు.